ఫిజికల్ సార్, ఆర్గానిక్ సార్, మధ్యలో ఒక ప్రోటాన్

మన దగ్గర చాలా జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీకి ముగ్గురు సార్లు ఉంటారు. ఫిజికల్‌కి ఒకరు, ఆర్గానిక్‌కి ఒకరు, ఇనార్గానిక్‌కి ఒకరు. ఎవరి మెటీరియల్ వాళ్లది, ఎవరి షార్ట్‌కట్లు వాళ్లవి. దీనివల్ల లాభం ఎంతో తెలీదు గానీ ఒక నష్టం మాత్రం నాకు ఏటా కనిపిస్తూనే ఉంటుంది. జూనియర్ ఇంటర్‌లో అయానిక్ ఈక్విలిబ్రియం లెక్కల్లో పీకేఏని (ఆమ్లం బలాన్ని చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలం) చకచకా వాడేసిన పిల్లలే, సీనియర్ ఇంటర్‌లో ఫీనాల్, కార్బాక్సిలిక్ ఆమ్లాలు, ఎమీన్ల దగ్గరికి వచ్చేసరికి దాని ఊసే ఎత్తరు, ఏ ఆమ్లం ఎంత బలమైందన్న ఆర్డర్లను ఎక్కాల్లాగా బట్టీ కొడతారు. పరీక్షలో ఆ లిస్టులో లేని కాంపౌండ్ ఒకటి వచ్చిందంటే ఇక టెన్షనే.

నా మాట ఏంటంటే ఇవి రెండు చాప్టర్లు కావు. ప్రోటాన్ ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, ఇచ్చేశాక మిగిలినవాడు ఆ నెగెటివ్ చార్జ్‌ని ఎంత హాయిగా మోయగలడు, ఇంతే. ఒకచోట దీన్ని అంకెల్లో అడుగుతారు, ఇంకోచోట బొమ్మల్లో అడుగుతారు.

ముందు అంకెల సంగతి చూద్దాం. 50 ఎంఎల్ 0.1 మోలార్ హెచ్‌సీఎల్‌ని 50 ఎంఎల్ 0.1 మోలార్ సోడియం ఎసిటేట్‌తో కలిపితే పీహెచ్ ఎంత? ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.74 అని ఇచ్చారు. ఈ బిట్ చూడగానే సగం మంది చెయ్యి బఫర్ (బలహీన ఆమ్లం, దాని ఉప్పు కలిసి ఉన్న ద్రావణం) ఫార్ములా మీదికి పోతుంది, మిగతా సగం సాల్ట్ హైడ్రాలిసిస్ ఫార్ములా రాస్తారు. అసలు ఫార్ములా రాయడానికి ముందు బీకర్‌లో ఎవరెవరు ఉన్నారో చూడాలి కదా. హెచ్‌సీఎల్ బలమైన ఆమ్లం, దాని ప్రోటాన్ మొత్తం ఎసిటేట్ లాగేసుకుంటుంది. 5 మిల్లీమోల్స్ ఇటు, 5 మిల్లీమోల్స్ అటు, కాబట్టి హెచ్‌సీఎల్ అయిపోయింది, ఎసిటేట్ కూడా అయిపోయింది. ఇప్పుడు బీకర్‌లో మిగిలింది 100 ఎంఎల్‌లో 5 మిల్లీమోల్స్ ఎసిటిక్ ఆమ్లం, అంటే 0.05 మోలార్, పక్కన ఏ పనీ లేకుండా కూర్చున్న ఉప్పు. ప్రశ్నలో ఎసిటిక్ ఆమ్లాన్ని పోసినట్టు ఎక్కడా లేదు, కానీ ప్రశ్న అంతా దాని గురించే. పీహెచ్ అంటే 4.74కి 1.30 (0.05 లాగ్‌కి గుర్తు మార్చిన విలువ) కలిపి సగం చేయడం, 3.02.

ఇదే ప్రశ్నలో హెచ్‌సీఎల్‌ని 25 ఎంఎల్ చేసి చూడండి. 2.5 మిల్లీమోల్స్ ఎసిటేట్ ఎసిటిక్ ఆమ్లంగా మారింది, ఇంకో 2.5 అలాగే ఉంది. ఇప్పుడు అది నిజంగానే బఫర్, రెండూ సమానం కాబట్టి పీహెచ్ 4.74, కాగితం మీద పెన్ను కూడా పెట్టక్కర్లేదు. హెచ్‌సీఎల్‌ని 60 ఎంఎల్ చేస్తే? 1 మిల్లీమోల్ బలమైన ఆమ్లం మిగిలిపోయింది, మొత్తం 110 ఎంఎల్, గాఢత 0.0091, పీహెచ్ 2.04. ఎసిటిక్ ఆమ్లం అక్కడ ఉన్నా దాని మాట చెల్లదు. ఒక్క అంకె మారిస్తే మూడు వేరే లెక్కలు అయ్యాయి, ప్రశ్న వాక్యం మాత్రం అక్షరం మారలేదు. అందుకే ఫలానా రకం బిట్‌కి ఫలానా ఫార్ములా అని నేర్పే మెటీరియల్ అంటే నాకు ఒళ్లు మంట. మిల్లీమోల్స్ వేసుకో, ఎవరు ఎవరితో రియాక్ట్ అవుతారో ముందు తేల్చు, మిగిలినవాళ్లని చూసి అప్పుడు ఫార్ములా వెతుక్కో. ఈ క్రమం తప్పిందా, అంకెలు ఎంత బాగా వేసినా లాభం లేదు, పేపర్ సెట్ చేసేవాళ్లు ఆ తప్పు జవాబుని కూడా ఆప్షన్లలో పెట్టే ఉంచుతారు.

లాగ్ విలువల గురించి ఒక్క మాట. జేఈఈ మెయిన్‌లో గానీ నీట్‌లో గానీ ఈఏపీసెట్‌లో గానీ కాలిక్యులేటర్ ఉండదు. లాగ్ 2 అంటే 0.30, లాగ్ 3 అంటే 0.48, ఈ రెండూ ఉంటే 4, 5, 6, 8, 9 అన్నీ వచ్చేస్తాయి. 7కి 0.85 అనుకోండి, సరిపోతుంది. ఇంజనీరింగ్ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 బిట్లు, అందులో 40 కెమిస్ట్రీ. అక్కడ నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఆన్సర్ దగ్గరగా వస్తే చాలు పెట్టేసి ముందుకు పోవచ్చు. జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు పోతుంది గనక అక్కడ కాస్త ఆగి చూసుకోవాలి.

10 పవర్ మైనస్ 8 మోలార్ హెచ్‌సీఎల్ పీహెచ్ 8 అని ఇంకా ఎవరైనా పెడుతున్నారా? పెడుతున్నారు! ఆమ్లం కలిపితే నీళ్లు క్షారం ఎలా అవుతాయని ఒక్క క్షణం ఆగినా ఆ తప్పు జరగదు. నీళ్లు కూడా ప్రోటాన్లు ఇస్తాయి, అంత పలచని ఆమ్లంలో వాటి వాటాయే ఎక్కువ, సరిగ్గా వేస్తే 6.98 వస్తుంది. ఇది పాత బిట్, దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇప్పుడు ఫిజికల్ సార్ గదిలోంచి ఆర్గానిక్ సార్ గదిలోకి వెళ్లే తలుపు ఎక్కడుందో చూపిస్తాను. సోడియం బైకార్బనేట్ ద్రావణం పీహెచ్ ఎంత అని అడిగితే కార్బానిక్ ఆమ్లం రెండు పీకేఏలు, 6.35, 10.33 కలిపి సగం చేస్తాం, 8.34. మరీ పలచగా లేకపోతే గాఢత ఎంతైనా దాదాపు అంతే. ఎందుకంటే బైకార్బనేట్ ప్రోటాన్ ఇవ్వనూ గలదు, తీసుకోనూ గలదు, ఆ రెండు పనులకీ మధ్యలో పీహెచ్ నిలబడుతుంది. సరే. బయోమాలిక్యూల్స్ చాప్టర్‌లో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (దాని మీద మొత్తం చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) అడుగుతారు, పీకేఏలు 2.34, 9.60, జవాబు 5.97. ఇది వేరే ఫార్ములా అని వేరే నోట్సులో రాసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. రెండు చోట్లా లెక్క ఒకటే, ఒకే పదార్థం రెండు వైపులా పోగలగడమే.

ఒకటేనని అర్థమైనవాడికి లైసిన్ వచ్చినా భయం ఉండదు. దానికి మూడు పీకేఏలు, 2.18, 8.95, 10.53. బట్టీ కొట్టినవాడు మూడూ కలిపి మూడుతో భాగించి 7.22 అంటాడు, లేదా మొదటి రెండూ కలిపి సగం చేసి 5.57 అంటాడు. అసలు చూడాల్సింది చార్జ్. బాగా ఎసిడిక్‌గా ఉన్నప్పుడు లైసిన్ మీద రెండు ప్లస్‌లు, మొదటి ప్రోటాన్ పోతే ఒక ప్లస్, రెండోది పోతే సున్నా, మూడోది పోతే ఒక మైనస్. సున్నాకి రెండు పక్కలా ఉన్నవి 8.95, 10.53. సగం చేస్తే 9.74. ఇంతే, ఇందులో ఫార్ములా ఏముంది?

ఇక అసలు ఆర్గానిక్. ఇక్కడ నేను పిల్లల చేత ఒక చిన్న పట్టిక రాయిస్తాను, దాన్ని మాత్రం నిజంగానే బట్టీ పట్టమంటాను. బెంజోయిక్ 4.2, ఎసిటిక్ 4.76, కార్బానిక్ 6.35, అమోనియం 9.25, ఫీనాల్ 10, నీళ్లు 15.7, ఇథనాల్ 16, ఎసిటిలీన్ 25, అమోనియా 38, మీథేన్ 50 దాకా. నీళ్లకి 14 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి, బిట్‌లో దానివల్ల తేడా ఏమీ రాదు. తర్వాత ఒకే ఒక్క సూత్రం: ప్రోటాన్ తక్కువ పీకేఏ ఉన్నవాడి నుంచి ఎక్కువ పీకేఏ ఉన్నవాడి వైపుకి పోతుంది, రెండు పీకేఏల తేడా ఎంతో, ఈక్విలిబ్రియం కాన్‌స్టంట్ 10 పవర్ అంత.

దీంతో ఎన్ని బిట్లు రాలతాయో చూడండి. ఫీనాల్ బైకార్బనేట్‌తో బుడగలు ఎందుకు ఇవ్వదు? ఫీనాల్ 10, కార్బానిక్ 6.35, ప్రోటాన్ ఎదురు పోవాలి, కాన్‌స్టంట్ 10 పవర్ మైనస్ 3.65, కుదరదు. బెంజోయిక్ ఆమ్లం ఎందుకు ఇస్తుంది? 4.2 నుంచి 6.35కి, దారిలోనే ఉంది, పైగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతూ రియాక్షన్‌ని ముందుకు లాగుతూనే ఉంటుంది. పిక్రిక్ ఆమ్లం పేరుకి ఫీనాలే, కానీ పీకేఏ 0.4 దగ్గర, మూడు నైట్రో గ్రూపులు కలిసి నెగెటివ్ చార్జ్‌ని పంచుకుంటాయి, కాబట్టి అది బుడగలు ఇస్తుంది. మరి పారా నైట్రోఫీనాల్? 7.15, అంటే ఫీనాల్ కంటే బలమైందే కానీ కార్బానిక్ ఆమ్లం కంటే కాస్త బలహీనం, మామూలు పరీక్షలో బుడగలు కనిపించవు. బైకార్బనేట్ టెస్ట్ అంటే కార్బాక్సిలిక్ ఆమ్లానికి మాత్రమే అని ఒక్క లైన్లో నేర్చుకున్నవాళ్లు పిక్రిక్ దగ్గర పడిపోతారు, నైట్రో ఉంటే చాలనుకున్నవాళ్లు పారా నైట్రోఫీనాల్ దగ్గర పడిపోతారు.

ఈథర్‌లో బెంజోయిక్ ఆమ్లం, ఫీనాల్, ఎనిలీన్, నాఫ్తలీన్ కలిపి ఉన్నాయి, విడదీయండి అనే బిట్ కూడా ఇందులోంచే. ముందు బైకార్బనేట్‌తో కడిగితే బెంజోయిక్ ఒక్కటే నీళ్లలోకి దిగుతుంది, తర్వాత కాస్టిక్ సోడాతో ఫీనాల్, తర్వాత హెచ్‌సీఎల్‌తో ఎనిలీన్, నాఫ్తలీన్ ఎవరి మాటా వినకుండా ఈథర్‌లోనే ఉండిపోతుంది. ముందే కాస్టిక్ సోడా వాడితే బెంజోయిక్, ఫీనాల్ రెండూ కలిసి దిగిపోతాయి.

ఎసిటిలీన్‌కి సోడామైడ్ ఎందుకు, సోడియం హైడ్రాక్సైడ్ ఎందుకు చాలదు? సోడామైడ్ ప్రోటాన్ తీసుకుంటే అమోనియా అవుతుంది, 25 నుంచి 38కి దిగువ దారి, 10 పవర్ 13. హైడ్రాక్సైడ్ తీసుకుంటే నీళ్లు, 25 నుంచి 15.7కి ఎగువ దారి, 10 పవర్ మైనస్ 9. దీన్ని ఏ పిల్లాడికైనా అంకెల్లో చూపిస్తే మళ్లీ చెప్పాల్సిన పనుండదు. గ్రిగ్నార్డ్ రియాజెంట్ కూడా అంతే. కీటోన్ కనపడగానే అందరూ దాని మీదికి ఉరుకుతారు, అదే మాలిక్యూల్‌లో ఒక ఓహెచ్ ఉందని చూడరు. ఈ రకం రియాజెంటే అయిన మిథైల్ మెగ్నీషియం అయొడైడ్ అంటే దాదాపు మీథేన్ కాంజుగేట్ బేస్ (ప్రోటాన్ పోగా మిగిలింది), మీథేన్ పీకేఏ 50 దాకా, అది ఏ ఓహెచ్‌ని చూసినా ముందు ప్రోటాన్ లాక్కుని మీథేన్‌గా పోతుంది, మిగిలితే అప్పుడు కీటోన్ సంగతి. ఈ గుణాన్నే లెక్కగా మార్చి అడుగుతారు: 0.62 గ్రాముల ఇథిలీన్ గ్లైకాల్‌కి ఎక్కువగా గ్రిగ్నార్డ్ కలిపితే ఎస్‌టీపీ దగ్గర ఎంత మీథేన్? 0.01 మోల్, రెండు ఓహెచ్‌లు, 0.02 మోల్ మీథేన్, 448 ఎంఎల్. ఆర్గానిక్ బిట్ అనుకుని భయపడేవాళ్లకి ఇది ఫ్రీ మార్కులు.

ఆర్డర్లు అడిగే బిట్ల దగ్గర పిల్లలు చేసే పొరపాటు ఒకటే రకం. వాళ్లు ఆమ్లాన్ని చూస్తారు, ప్రోటాన్ పోయాక మిగిలిన అయాన్‌ని చూడరు. ఫీనాల్ ఇథనాల్ కంటే పది లక్షల రెట్లు బలమైన ఆమ్లం, ఎందుకంటే ఫీనాక్సైడ్‌లో చార్జ్ రింగులోకి పరుచుకుంటుంది, ఇథాక్సైడ్‌లో ఒక్క ఆక్సిజన్ మీదే కూర్చుంటుంది. ఎసిటేట్‌లో అది రెండు ఆక్సిజన్ల మీద సమానంగా ఉంటుంది కాబట్టి ఫీనాల్ కంటే ఎసిటిక్ బలం. ఫార్మిక్, బెంజోయిక్, ఎసిటిక్ మూడూ ఇస్తే? 3.75, 4.20, 4.76. బెంజీన్ రింగ్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి బెంజోయిక్ అన్నిటికంటే బలహీనం అని వాదించే పిల్లలుంటారు, వాదన మరీ తీసిపారేసేది కాదు, కానీ రింగులోని కార్బన్ ఎస్‌పీ2, మిథైల్ కార్బన్ కంటే ఎలక్ట్రాన్లని ఎక్కువ లాక్కుంటుంది, అదే గెలుస్తుంది. ఫ్లోరిన్, క్లోరిన్‌ల వంటి ఇండక్టివ్ ఎఫెక్ట్ బిట్లు మీరే చేసుకోగలరు.

బేస్‌ల దగ్గర ఇదే ఆట తిరగబడుతుంది. నైట్రోజన్ మీదున్న జంట ఎలక్ట్రాన్లు ఖాళీగా ఉన్నాయా, ఇంకెక్కడైనా పనిలో ఉన్నాయా? మిథైలమీన్‌లో ఖాళీగా ఉన్నాయి, దాని కాంజుగేట్ ఆమ్లం (ప్రోటాన్ తీసుకున్నాక వచ్చేది) పీకేఏ 10.6. ఎనిలీన్‌లో రింగుతో పంచుకుంటున్నాయి, 4.6. ఆరు యూనిట్లు తేడా, అంటే మళ్లీ పది లక్షల రెట్లు. పైరోల్‌లో ఆ జంట ఎరోమాటిక్ ఆరు ఎలక్ట్రాన్లలో భాగం, ప్రోటాన్ తీసుకుంటే ఎరోమాటిసిటీయే పోతుంది, కాబట్టి అది బేస్‌గా దాదాపు పనికిరాదు. పిరిడీన్‌లో జంట రింగు బయటికి చూస్తోంది, 5.2.

కానీ మిథైలమీన్ల ఆర్డర్ ఒక్కటుంది, దాని దగ్గర నేను కూడా బట్టీ పట్టండనే అంటాను. నీళ్లలో డైమిథైల్, తర్వాత మోనో, తర్వాత ట్రై, చివర అమోనియా. ఇథైల్ అయితే డై, ట్రై, మోనో, అమోనియా. వాయు స్థితిలో అయితే శుభ్రంగా ట్రై, డై, మోనో. మిథైల్ గ్రూపులు ఎలక్ట్రాన్లు ఇవ్వడం ఒకవైపు, నీళ్లు అమోనియం అయాన్‌ని హైడ్రోజన్ బాండ్లతో పట్టుకోవడం ఇంకోవైపు, ఈ రెండూ లాక్కుంటే ఎవరు ఎంత గెలుస్తారో ముందే ఊహించి చెప్పడం ఎవరి వల్లా కాదు. డైమిథైల్‌కీ మోనోకీ తేడా 0.1 యూనిట్ మాత్రమే. ఇంత చిన్న తేడాకి బోర్డు మీద పెద్ద సిద్ధాంతం చెప్పి, అందుకే ఇలా వచ్చింది అనడం నాకు నచ్చదు. వచ్చిన అంకెని చూసి కారణం వెతుక్కున్నాం, అంతే.

చివరగా నాకు బాగా ఇష్టమైన లెక్క, ఎందుకంటే ఇందులో ఇద్దరు సార్లూ ఒకే గదిలో కూర్చోవాలి. కొంత ఆస్పిరిన్‌ని 50 ఎంఎల్ 0.1 మోలార్ కాస్టిక్ సోడాతో వేడి చేశారు. మిగిలిన క్షారాన్ని ఫినాఫ్తలీన్ వాడి 0.1 మోలార్ హెచ్‌సీఎల్‌తో టైట్రేట్ చేస్తే 10 ఎంఎల్ పట్టింది. ఆస్పిరిన్ ఎన్ని గ్రాములు? మాలిక్యులర్ వెయిట్ 180.

ఖర్చయిన క్షారం 5 లోంచి 1 తీస్తే 4 మిల్లీమోల్స్, ఇక్కడిదాకా అందరూ వస్తారు. ఒక్క ఆస్పిరిన్ ఎన్ని కాస్టిక్ సోడాలు తింటుంది అన్నదే ప్రశ్న. ఒకటి అంటే 0.72 గ్రాములు, రెండు అంటే 0.36, మూడు అంటే 0.24. ఆప్షన్లలో మూడూ ఉంటాయి. ఒకటి అన్నవాడు కార్బాక్సిలిక్ గ్రూపుని చూశాడు, వేడి చేశారన్న మాట వదిలేశాడు. వేడి చేస్తే ఎస్టర్ తెగి ఎసిటిక్ ఆమ్లం వస్తుంది, దానికి ఇంకొకటి. మూడు అన్నవాడు ఇంకాస్త ముందుకెళ్లి, ఎస్టర్ తెగితే ఫీనాల్ ఓహెచ్ కూడా వచ్చింది కదా, ఫీనాల్‌కీ కాస్టిక్ సోడా పడుతుంది కదా అన్నాడు. తెలివైన వాదనే, కొన్ని ఆన్సర్ కీలలో ఇదే జవాబు చూశాను కూడా. అయితే ఇది మామూలు ఫీనాల్ కాదు. పక్కనే కార్బాక్సిలేట్ ఉంది, ఆ హైడ్రోజన్‌ని హైడ్రోజన్ బాండ్‌తో గట్టిగా పట్టుకుని ఉంది, పైగా ఆల్రెడీ మైనస్ ఉన్న అయాన్ నుంచి ఇంకో ప్రోటాన్ తీయాలి. అందుకని దాని పీకేఏ 10 కాదు, 13 దాటుతుంది. కాస్టిక్ సోడా ఎక్కువగా ఉన్నప్పుడు అందులో కొంత ప్రోటాన్ పోయినా, వెనక్కి హెచ్‌సీఎల్ పోస్తూ ఫినాఫ్తలీన్ రంగు పోయే 8, 9 ప్రాంతానికి వచ్చేసరికి అది తన ప్రోటాన్‌ని తిరిగి తీసేసుకుంటుంది. లెక్కలోకి వచ్చేది రెండే. 2 మిల్లీమోల్స్ ఆస్పిరిన్, 0.36 గ్రాములు.